బానెట్ మీద గోవిందమ్మ చెయ్యి

మా షెడ్డులో కారు తప్ప అన్నీ ఉండేవి.

ఆళ్లగడ్డలో ఇల్లు కట్టించేటప్పుడు మా మామ మాధవయ్య ముందుచూపుతో పక్కన ఆ షెడ్డు వేయించాడు. ఎప్పటికైనా కారు కొంటాం, పెట్టుకోవడానికి చోటు ఉండాలి కదా అని. తర్వాత కారు కొన్నాడు కూడా. అప్పటికి షెడ్డు నిండిపోయింది. మా అత్త శాంతకుమారి ఊరగాయ జాడీలు, ఎండుమిరపకాయల గోతాలు, మామ ఎరువుల అంగట్లో అమ్ముడుపోని మందుకొట్టే డబ్బాలు, రెక్కలు లేని కూలరు, మా పుట్టింటివాళ్లు పెట్టిన బీరువా తాలూకు అట్టలు. కారు మాత్రం వీధిలో ఎండకు ఎండి వానకు తడిసేది. ఇంట్లో ఎవరికీ ఇది వింతగా అనిపించలేదు. నాకు అనిపించింది కానీ, కొత్తలో షెడ్డుల సంగతి, బీరువా తాళాల సంగతి ఎత్తొద్దని మా అమ్మ చెప్పి పంపింది. మాది నంద్యాల. అది జిల్లా కేంద్రం అయినప్పటి నుంచి మావాళ్లకు కాస్త పొగరు ఎక్కువైందని అత్త అంటుంది. నిజమే, అయింది.

షెడ్డు సంగతి ఎత్తింది నా మొగుడు సుధీర్. నంద్యాలలో ఒక కార్ల షోరూములో పనిచేసేవాడు. కొత్త కారు కొన్నవాళ్లకు తాళాలు ఇచ్చే ముందు దాన్ని తళతళలాడేలా తుడవడం అతని పని. మిగతావాళ్లు అయిదు నిమిషాల్లో ముగించే పనికి ఇతను పూట తీసుకునేవాడు. చివరికి ఆ ఉద్యోగం మానేసి, బెంగళూరు వెళ్లి కారు డీటైలింగ్ నేర్చుకుని వచ్చి, షెడ్డు తనకు ఇమ్మని తండ్రిని అడిగాడు.

"అంటే ఏందిరా అది?" అన్నాడు మామ.

"కారును కడిగి, గీతలు తీసి, పాలిష్ పట్టి, పైన కోటింగు వేసేది నాయనా. ఏండ్ల తరబడి అద్దం మాదిరి ఉంటాది."

"కడిగేదానికి బెంగళూరు పోయినావా? కేసీ కాలవ ఈడ్నే ఉండాది గదరా."

మామను అని లాభం లేదు. మా వైపు బండి కడగడమంటే కాలవ గట్టున దించి, గుప్పెడు గడ్డితో వీపు రుద్దినట్టు రుద్దడమే. ట్రాక్టరుకూ ఎద్దుకూ ఒకటే స్నానం.

తండ్రీకొడుకులు వారం పాటు ముఖాలు ముడుచుకున్నాక ఒక ఒప్పందం కుదిరింది. "ఉగాది దాకా చూస్తా" అన్నాడు మామ. "అంతలో నీ కార్ల కొట్టం నిలబడితే సరి. ల్యాకపోతే వచ్చి అంగట్లో కూచో. మళ్లీ బెంగళూరు అనకూడదు, పాలిష్ అనకూడదు."

అంగట్లో కూర్చున్న సుధీర్‌ను నేను ఒక వేసవి చూశాను. పురుగుమందు వాసనకు తుమ్ములు, తుమ్ములకు కళ్లనీళ్లు. కొనడానికి వచ్చిన రైతులు, పాపం ఇంట్లో ఎవరో పోయినారేమో అని ఓదార్చి వెళ్లేవాళ్లు. సాయంత్రానికి ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని గోడను చూసేవాడు. ఆ మనిషిని మళ్లీ చూడడం నాకు ఇష్టం లేదు. అది ప్రేమో, రోజూ ఆ ముఖం చూడలేని స్వార్థమో నాకు తెలియదు. రెండూ అనుకోండి. షెడ్డు నిలబడాలని సుధీర్ కంటే నేనే ఎక్కువ మొక్కుకున్నాను.

ముందు షెడ్డు ఖాళీ చెయ్యాలి. మిరపకాయల గోతాలు మిద్దె మీదికి, మందు డబ్బాలు అంగడికి, కూలరు పాతసామాన్లవాడికి వెళ్లాయి. జాడీలు ఒక్కొక్కటే నా మంచం కిందికి చేరాయి. ఒక్క జాడీ మాత్రం కదల్లేదు. నా నడుము దాకా ఉంటుంది అది. అందులో మామిడికాయ ఊరగాయ.

"అమ్మా, దీన్ని కూడా తియ్యల్ల" అన్నాడు సుధీర్.

"కదిలిస్తే బూజు పడతాది."

"దేనికి పడతాది?"

"నాకు తెలుసు. నువ్వు కార్ల సంగతి చూసుకో. ఊరగాయ సంగతి నాకు చెప్పద్దు."

చివరికి జాడీ అక్కడే ఉండేటట్టు, దాని మీద తెల్ల దుప్పటి కప్పేటట్టు రాజీ అయింది. గోడలకు తెల్ల రంగు, నేల మీద మెరిసే పూత, పైన వరసగా దీపాలు, ద్వారానికి మందపాటి ప్లాస్టిక్ తెర. దుమ్ము రేణువు కూడా లోపలికి రాకూడదని సుధీర్ పంతం. మా వీధి చివర శిల్పుల కొట్టాలున్నాయి. ఆళ్లగడ్డలో చెక్కిన దేవుళ్లు ఏ ఊరికైనా పోనీ, వాళ్ల రాతిపొడి మాత్రం మా వీధిలోనే ఉంటుంది. అందుకని చెప్పులు బయట వదలాలి, కాళ్లు తడిగుడ్డతో తుడవాలి, తెర వెంటనే మూయాలి.

తెల్ల గోడలు, అన్ని దీపాలు, మూల తెల్ల దుప్పటి కప్పిన ఆకారం. ఊర్లో ఆసుపత్రి పెట్టినారని పుకారు లేచింది. ఒక పెద్దాయన మోకాలు చూపించుకోవడానికి వచ్చి, చెప్పులు విడిచి, కాళ్లు తుడుచుకుని, గంటసేపు ఓపిగ్గా కూర్చున్నాడు. ఇది కార్లకు అని చెబితే, "మోకాలుకు కూడా రోంత పాలిష్ పట్టి చూడప్పా" అన్నాడు.

రెండో చిక్కు అత్త వల్ల వచ్చింది. నేను రోజూ బస్సులో నంద్యాల వెళ్లి ఒక కాలేజీలో లెక్కలు చెప్పి వస్తాను. ఒక రోజు వచ్చేసరికి షెడ్డు నేలంతా వడియాలు. దీపాలన్నీ వెలుగుతున్నాయి. సుధీర్ ఒక మూల ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు, రెండో కాలు పెట్టడానికి చోటు లేక.

"ఊరంతా వెదికినా దుమ్ము ల్యాని జాగా ఇదొక్కటే" అంది అత్త, ఎంతో మెచ్చుకోలుగా.

ఇంత చేసినా కార్లు రాలేదు. ఒకాయన ట్రాక్టరు తెచ్చి, లోపల పట్టదంటే సుధీర్‌ను తిట్టి వెళ్లాడు. ఇంకొకాయన ఉత్త నీళ్లు పోస్తే చాలన్నాడు. ఉగాది దగ్గర పడుతోంది. అంగట్లో గల్లాపెట్టె పక్కన రెండో కుర్చీ ఒకటి ఏళ్లుగా బస్తాల కింద పడి ఉండేది. మామ దాన్ని బయటికి తీయించి, తుడిపించి, గోడకు ఆనించి పెట్టాడు. ఆ కుర్చీ సంగతి తెలిసిన రాత్రి సుధీర్ అన్నం ముందు కూర్చుని గోడను చూశాడు.

అలాంటి సమయంలో దొర్నిపాడు ఆదినారాయణ కారు వచ్చింది.

ఆదినారాయణ అంటే శెనగ, మిరప వేసే పెద్ద రైతు. మామ అంగడికి అతన్ని మించిన బేరం లేదు. కూతురు సుకన్య నిశ్చితార్థం నంద్యాలలో పెట్టుకున్నాడు. మగపెళ్లివారి ముందు కారు దర్జాగా ఉండాలని, మామ మాట మీద, తన తెల్లకారును డ్రైవరు ఇమ్మానుయేలుతో పంపాడు.

"కొత్తదాని మాదిరి చెయ్యమన్నాడు అన్న" అన్నాడు ఇమ్మానుయేలు. "నేను మళ్లీ వస్తా."

కారు కొని ఆరేళ్లయినా సీట్ల మీద షోరూము వాళ్లు వేసిన ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి. పీకాలని సుధీర్ చేతులు దురదపెట్టాయి కానీ పీకలేదు. "మన జిల్లాలో అది ముట్టుకుంటే తలలు లేస్తాయి" అన్నాడు నాతో. అంత తెలివైనవాడు, బానెట్ దగ్గర మాత్రం బోల్తా పడ్డాడు.

బానెట్ నడుమ ఒక చదరపు ప్లాస్టిక్ ముక్క అతికించి ఉంది. నాలుగు వైపులా టేపు. టేపు అంచులు నల్లబడి, ప్లాస్టిక్ పాలిపోయి, కింద ఏదో పసుపూ ఎరుపూ కలిసిన మరక. రంగు చెడిపోతే ఎవరో కప్పిపెట్టారని సుధీర్ అనుకున్నాడు. టేపు పీకాడు. మరక మొండిది. ఒక పూటంతా దాని మీదే వంగి కూర్చుని, ఏవేవో పూసి, మిషన్ పట్టి, చివరికి జాడ లేకుండా చేశాడు. తర్వాత కారు మొత్తానికి కోటింగు వేసి, దీపాల కింద ఆరబెట్టాడు. ఆ రోజు భోజనంలో మూడోసారి పప్పు వడ్డించుకుని, "ఆ మరక నా చేతిలో కాబట్టి పోయింది" అన్నాడు. చాలాకాలం తర్వాత నా మొగుడు గోడను కాకుండా నన్ను చూస్తూ తిన్నాడు.

ఆదివారం ఆదినారాయణే స్వయంగా వచ్చాడు, వెనక ఇమ్మానుయేలు. చెప్పులు విడిచి, కాళ్లు తుడుచుకుని లోపలికి వచ్చి, కారు చుట్టూ తిరిగాడు. తలుపులో తన ముఖం చూసుకుని మీసం సర్దుకున్నాడు. మామ పక్కనే నిలబడి, కొడుకును పొగడాలా వద్దా అని చూస్తున్నాడు. ఆదినారాయణ కారు ముందువైపుకి వచ్చి ఆగిపోయాడు.

"చెయ్యి యాడ?" అన్నాడు.

సుధీర్ తన రెండు చేతులూ చూసుకున్నాడు.

"నీది కాదప్పా. బానెట్టు మీద ఉన్నింది గదా. మా పెద్దమ్మ చెయ్యి."

"ప్లాస్టిక్ కింద మరకా అన్నా? తీసేసినా. శానా కష్టపడినా దానికి." సుధీర్ గొంతులో ఇంకా గర్వం పోలేదు. ఆదినారాయణ గడప మీద చతికిలబడ్డాక పోయింది.

"కారు తెచ్చిన దినం నేరుగా చాగలమర్రికి పోయినా" అన్నాడు ఆదినారాయణ, ఎవరినీ చూడకుండా. "మా పెద్దమ్మ గోవిందమ్మ ఆడ ఉంటాది. అమ్మ పోయినాక నన్ను సాకింది ఆయమ్మే. బయటికొచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా, బానెట్టు మీద అయిదు వేళ్లూ పెట్టింది. పసుపు చెయ్యి. పోకూడదని ప్లాస్టిక్ వేసి అతికించినా. ఆ పొద్దు నుంచి కారుకు ఒక్క గీత పడల్యా. హైవే మీద లారీ ఎదురొచ్చి మూరెడు దూరంలో నిలబడిపాయ. ఒక ఎద్దు పొడిసేదానికి వచ్చి, బానెట్టు చూసి ఎనక్కి తిరిగిపాయ."

ఎద్దు చేతిని చూసి తిరిగిందో, ప్లాస్టిక్‌ను చూసి తిరిగిందో నేను అడగలేదు. ఆయన ముఖం అలా ఉంది.

"ముందే చెప్పింటే ముట్టుకోకపోతాంటి గదన్నా" అన్నాడు సుధీర్.

"ఏం చెప్పేది? ముత్తైదువు నుదుట బొట్టు తుడిసేయద్దని ఎవరన్నా చెప్తారా?" ఆదినారాయణ మామ వైపు తిరిగాడు. "ఎల్లుండి నిశ్చితార్థం. ఆ చెయ్యి ల్యాకుండా ఈ కారు ఈడ నుంచి కదలదు. శెట్టీ, మా నాయన కాలం నుంచి మీ అంగడికే వస్తాండా. అంత స్నేహాన్ని నీ కొడుకు గుడ్డ పెట్టి తుడిసేసినాడు."

మామ ముఖం మాడిపోయింది. సుధీర్ వైపు తిరిగి, "ఉగాది దాకా ఎందుకులే" అన్నాడు. "రేపు పొద్దన్నే అంగడికి రా."

అత్త అప్పటికే లోపలికి వెళ్లి, గిన్నెలో పసుపు కలిపి, కుడిచెయ్యి మణికట్టు దాకా ముంచుకుని వచ్చింది. "నేను పెడతాలే నాయనా. నేనూ పెద్దదాన్నే."

"నువ్వు పెద్దదానివే శాంతమ్మా" అన్నాడు ఆదినారాయణ. "కానీ నన్ను సాకింది నువ్వు కాదు గదా."

"అయితే సాకినామెనే పిలుచుకొస్తాం" అన్నాను నేను. అందరూ నన్ను చూశారు. నాకు ఒళ్లు మండుతోంది. ఒక పూటంతా నడుము విరిగేలా రుద్దిన మనిషిని దొంగను చూసినట్టు చూస్తున్నారు.

ఆదినారాయణ తల దించుకున్నాడు. "ఆయమ్మ రాదు. నాతో మాట్లాడదు."

"ఎందుకు?"

"ఏమో. ఆడోళ్ల కోపం."

ఆడవాళ్ల కోపం అని మొగవాడు అన్నాడంటే కారణం అతనికి బాగా తెలుసని అర్థం. నేను చెప్పులు వేసుకున్నాను.

మామ కారులో సుధీర్, నేను, అత్త చాగలమర్రికి బయలుదేరాం. అత్త చెయ్యి కడుక్కోవడం మరిచిపోయింది, దారంతా పసుపు చేతిని కిటికీ బయటికి పెట్టి కూర్చుంది. ఎదురొచ్చిన బస్సుల్లో ఇద్దరు ముగ్గురు ఆమెకు తిరిగి చెయ్యి ఊపారు. సుధీర్ కారు తోలుతున్నాడు. అంగట్లో తుమ్ముతున్న అతని ముఖమే నా కళ్ల ముందు ఆడుతుంటే నాకు ఏడుపు వచ్చింది.

గోవిందమ్మ ఇల్లు హైవేకు పక్క సందులో ఉంది. ఆమె అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం గట్టిది. సుధీర్ చేతులు కట్టుకుని జరిగిందంతా చెప్పాడు.

"ఏ చెయ్యి?" అంది గోవిందమ్మ.

"కారు కొత్తగా తెచ్చిన దినం నువ్వు బానెట్టు మీద పెట్టిన పసుపు చెయ్యి అవ్వా."

ఆమె కాసేపు ఆలోచించింది. తర్వాత చింతపండు పక్కన పెట్టింది. "అది పసుపు కాదు నాయనా. ఆ పొద్దు లోపల మామిడికాయ ఊరగాయ కలుపుతాండా. వాడొచ్చి ఒకటే హారను. ఏమాయనో ఏమోనని లేస్తి. వాకిట్లో మోకాలు పట్టేసె. పడిపోతానేమోనని ఏది దొరికితే దాన్ని పట్టుకుంటి. అది వాని కారు. అంతే."

"మరి ఒక్క మాట కూడా మాట్లాడకుండా దీవించినావంట గదక్కా" అంది అత్త.

"మోకాలు నొప్పికి మాట యాడొస్తాది?"

మేం ముగ్గురం ఒకరినొకరం చూసుకున్నాం. "ఊరగాయా" అన్నాడు సుధీర్ మెల్లగా. "అందుకే నూనె అంత లోపలికి పట్టింది." ఆ కష్టంలో కూడా అతనికి మరక గుట్టు తెలిసిందన్న తృప్తి కలిగింది. ఈ మనిషిని అంగట్లో ఎలా కూర్చోబెడతారు అనిపించింది నాకు.

"ఆయనతో ఎందుకు మాట్లాడవు అవ్వా?" అన్నాను.

"మోకాలు సర్దుకున్నాక కారెక్కబోతి. ఏమన్నాడో తెలుసునా? పెద్దమ్మా, సీట్లు కొత్తవి, నీ చీర మాసి ఉండాది, కారు పూజకు నువ్వు బస్సులో అహోబిలం రా, ఆడ గుడి కాడ కలుసుకుందాం అన్నాడు." ఆమె గొంతు కొంచెం తగ్గింది. "నా చెయ్యి పనికొచ్చింది. నేను పనికి రాలా. ఆరేండ్లు ఆ చెయ్యికి దండాలు పెట్టుకుంటాండాడంట. నన్ను ఒక్క దినం ఎక్కించుకోల్యా."

నాకు ఆదినారాయణ మీద వచ్చిన కోపం ఇక్కడ రాయడానికి వీల్లేదు. అత్త కూడా ముక్కుపుటాలు ఎగరేసింది.

"వస్తా పద" అని గోవిందమ్మే లేచింది. "మీ పిల్లోని కూడు చెడగొట్టేది ఎందుకు. కానీ ముందు సీట్లో కూచుంటా. ఆ, నా ఊరగాయ అయిపాయ. ఏమి పెట్టేది చేతికి?"

అత్త కళ్లు మెరిశాయి. "మా షెడ్డులో జాడీ నిండుగా ఉండాదక్కా."

తిరిగి వచ్చేటప్పుడు ముందు సీట్లో గోవిందమ్మ, వెనక నేనూ అత్తా. ఆవాలు ఎక్కువ వెయ్యాలా మెంతులు ఎక్కువ వెయ్యాలా అని ఆళ్లగడ్డ దాకా అత్తా గోవిందమ్మా తగువులాడుకున్నారు.

షెడ్డు దగ్గర ఆదినారాయణ లేచి నిలబడ్డాడు. గోవిందమ్మ దిగి, చెప్పులు విడవకుండా, కాళ్లు తుడవకుండా నేరుగా లోపలికి వచ్చింది. సుధీర్ తడిగుడ్డను వీపు వెనక దాచుకున్నాడు.

"ఒరే ఆదిగా. అది పసుపు చెయ్యి కాదురా. ఊరగాయ చెయ్యి. మోకాలు పట్టేసి నీ కారు పట్టుకుంటి."

ఇమ్మానుయేలుకు నవ్వొచ్చి, దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు.

"మరి లారీని ఆపిందెవరు?" అన్నాడు ఆదినారాయణ.

"బ్రేకు తొక్కింటావు."

"తొక్కింది నేను" అన్నాడు ఇమ్మానుయేలు, ఎవరికీ వినపడనంత మెల్లగా. నాకు వినపడింది.

ఆదినారాయణ గడ్డం నిమురుకున్నాడు. నమ్మకం పోతుందని నేను అనుకున్నాను కానీ, రైతు కదా, అంత సులభంగా వదులుకోడు. "ఏమైతే అదైంది. ఆరేండ్లు కాపాడింది ఊరగాయ అయితే, ఊరగాయే పెట్టు పెద్దమ్మా."

అత్త తెల్ల దుప్పటి లాగింది. మూత తీసింది. ఊరగాయ వాసన ఆ తెల్లని గదంతా కమ్మేసింది. గోవిందమ్మ మణికట్టు దాకా చెయ్యి ముంచి, బానెట్ నడుమ అరచెయ్యి పరిచి అదిమింది. ఒక పూటంతా రుద్దిన బానెట్ అది. సుధీర్ కళ్లు మూసుకున్నాడు.

ఆమె చెయ్యి తీసింది. అయిదు వేళ్ల గుర్తు ఒక్క క్షణం కనబడింది. తర్వాత నూనె చుక్కలు చుక్కలుగా విడిపోయి కిందికి జారడం మొదలుపెట్టింది. కారం జారింది. ఒక మామిడి ముక్క బానెట్ మీంచి జారుకుంటూ వెళ్లి బంపరు అంచున ఆగి, టప్పున నేల మీద పడింది. ఆదినారాయణ ఆత్రంగా గుడ్డతో చుట్టూ ఒత్తబోయాడు, మిగిలింది కూడా గుడ్డకు వచ్చేసింది. బానెట్ పాలలా తెల్లగా ఉంది.

ఇంకోసారి పెట్టింది. మళ్లీ జారింది. ఆదినారాయణే చెయ్యి ముంచి పెట్టి చూశాడు. ఉహూ.

మామ అంతవరకూ ద్వారం దగ్గరే నిలబడి ఉన్నాడు. జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని దగ్గరికి వచ్చాడు. వేలితో రోంత ఊరగాయ తీసి, బానెట్ మీద గట్టిగా రాసి, తుడిచి చూశాడు.

"వానకు?" అన్నాడు సుధీర్‌తో.

"ఏం కాదు నాయనా. నీళ్లు జారిపోతాయి."

"పక్షి రెట్ట?"

"తుడిస్తే పోతాది."

"ఇన్నేండ్లు ఆకుకు అంటుకునే మందులు అమ్మినా" అన్నాడు మామ. "సగం అంటుకోవు. అంటుకోనియ్యని మందు ఇప్పుడు చూస్తాండా." అదే మాటను తనలో తాను ఇంకోసారి అనుకున్నాడు. మామ నోటి నుంచి అంతకంటే పెద్ద పొగడ్త నేను వినలేదు.

ఆదినారాయణకు ఇదేమీ పట్టలేదు. "ఒక చదరం జాగాలో ఆ కోటింగు గీకేయ్ సుధీరా. ఆడ పెట్టుకుంటాం."

సుధీర్ ముఖం వాడిపోయింది. అయినా మిషన్ అందుకున్నాడు. "నీ కారన్నా. గీకుతా."

"ఎందుకురా గీకేది?" అంది గోవిందమ్మ. "చెయ్యి నిలవకపోతే మనిషిని పెట్టుకో. ముందు తలుపు తియ్."

ఆదినారాయణ తలుపు తీశాడు. ఆమె సీటును చూసి ముఖం చిట్లించింది. "ఈ ప్లాస్టిక్కు మీద నేను కూచోను. జారతాది. ఎండకు సుర్రుమంటాది. పీకు."

ఆదినారాయణ సీటును చూశాడు. పెద్దమ్మను చూశాడు. మణికట్టు దాకా నూనె కారుతున్న ఆమె చేతిని చూశాడు. "చెయ్యి కడుక్కో పెద్దమ్మా" అన్నాడు నీరసంగా.

"ముందు పీకు. తర్వాత కడుక్కుంటా. ల్యాకపోతే ఈ చేత్తోనే చాగలమర్రి బస్సెక్కుతా."

ఆయన గోళ్లతో కవరు అంచు పట్టుకున్నాడు. ఆరేళ్ల ప్లాస్టిక్ పరపరా చినిగింది. ముందు సీటుది, తర్వాత తనంతట తానే వెనక సీట్లది కూడా. అంతా అయ్యాక గోవిందమ్మ ముందు నిలబడి, "తప్పాయ పెద్దమ్మా, ఎక్కు" అన్నాడు. ఆమె కళ్లు తుడుచుకోబోయి, చేతికి ఊరగాయ ఉందని గుర్తొచ్చి ఆగింది. అత్తే తన కొంగుతో తుడిచింది. సుధీర్ కళ్లల్లో కూడా నీళ్లు చూశాను. మా పెళ్లిలో కూడా చూడలేదు. పెద్దమ్మ కోసమా, కవర్లు పోయినందుకా అని మాత్రం ఇప్పటికీ అడగలేదు.

నిశ్చితార్థానికి మేమూ వెళ్లాం. నంద్యాల కల్యాణమండపం ముందు కారు ఆగింది. ముందు సీట్లో గోవిందమ్మ, పట్టుచీర కట్టుకుని, ఎంతసేపటికీ దిగదు. కారు మెరుపు చూసి నలుగురు గుమిగూడితే, వాళ్లకు కథంతా చెప్పింది. నమ్మనివాళ్లకు భోజనాల దగ్గర్నుంచి ఊరగాయ తెప్పించి బానెట్ మీద వేసి చూపించింది. మగపెళ్లివారు కూడా బయటికి వచ్చి చూశారు. పెళ్లికొడుకు మేనమామ అక్కడికక్కడే సుధీర్ ఫోను నంబరు తీసుకున్నాడు. మామ జనం నడుమ నిలబడి, "మావాడే చేసినాడు, మా ఇంట్లోనే" అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాడు.

ఇప్పుడు షెడ్డుకు వచ్చే ప్రతివాడూ కోటింగు అయ్యాక ఊరగాయ వేసి చూపించమంటాడు. చూపించందే కారు తీసుకుపోడు. అత్త గరిటె పట్టుకుని జాడీ పక్కన నిలబడుతుంది. దుప్పటి తీసేశాం. ఆదినారాయణ కారు గోవిందమ్మ లేకుండా పొలిమేర దాటదు. ఆమెకు తీరిక లేకపోతే ఆయన బస్సులో పోతాడు.

ఉగాది పొద్దున మామ అంగడి తాళాలు తీసుకుని వెళ్లాడు, పచ్చడి కూడా తినకుండా. సుధీర్ చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని వీధి వైపు చూస్తూ నిలబడ్డాడు. గడువు ఆ రోజే కదా. కాసేపటికి మామ తన కారు తోలుకుని తిరిగి వచ్చి, నేరుగా షెడ్డులోకి ఎక్కించాడు. కొన్నాక ఆ కారు లోపలికి రావడం అదే మొదలు. డిక్కీ తీసి, అంగట్లోని ఆ రెండో కుర్చీని దించి, జాడీ పక్కన వేశాడు.

"వచ్చేవాళ్లు కూచోల్ల గదా" అన్నాడు సుధీర్‌ను చూడకుండా. తర్వాత కారు మీద తట్టి, "దీన్ని కూడా చూడు. కారు పెట్టుకునేదానికే గదరా ఈ షెడ్డు కట్టించింది" అని, చెప్పులు ఎక్కడ విడవాలో వెదుక్కుంటూ బయటికి నడిచాడు.